ఐదువందల మీటర్ల మనిషి

సూరాడ ఎల్లాజీ పడవ ఇసక మీంచి అంగుళం కదలకుండానే ఆ వారంలో నాలుగు చోట్లు తిరిగొచ్చింది. సోమవారం ఆడపిల్లల హైస్కూలు వంటగదిలో ఉంది. మంగళవారం శ్మశానంలో ఉంది. బుధవారం పోలీస్ స్టేషన్ లాకప్పులో ఉందట గానీ, ఏ నేరం మీద పెట్టారో కాగితంలో రాయలేదు. గురువారం ఎందుకో సముద్రం మీదికి మనసు పోయి, నాలుగువందల మీటర్లు లోపలికి వెళ్లి కూచుంది. ఇవన్నీ పడవ చేసిన పనులు కావు. పడవ వెనక కొస, అమరాన, ప్రభుత్వం వారు బిగించిన పెట్టె చెప్పిన కబుర్లు. ఒక్కో కబురుకీ ఒక్కో నోటీసు వచ్చింది.

ఎల్లాజీ భార్య కాసులమ్మ నాలుగు కాగితాలూ చేపల తట్ట కింద పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని పడవని ఎగాదిగా చూసింది.

"ఒలమ్మ! మనిసిని, నేను రెండ్నెల్లయి పక్కూరు సంతకెల్లలేదు. ఇది సూడు, కాళ్లూ సేతులూ లేకండా ఊళ్లేలీసినాది!"

"నవ్వకే. నాలుగోది సూసినావా? అది సంతకెల్లడం లాంటిది కాదు," అన్నాడు ఎల్లాజీ.

నిజమే. అది చావు కబురు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ సగం నుంచి జూన్ సగం దాకా ఇంజను పడవలు సముద్రంలోకి వెళ్లకూడదు. గవ్వలపేటలో ఆ రెండు నెలలూ పడవలు ఒడ్డున బోర్లా పడుకుంటాయి, మగాళ్లు వలలు బాగుచేసుకుంటారు. ఎల్లాజీ మటుకు తన పెద్దవల తాడుని పడవ దగ్గర్నుంచి కాసులమ్మ ఎండుచేపలు ఆరేసే దిబ్బ దాకా తిన్నగా పరిచి ఎండబెట్టుకున్నాడు. రెండువందల అరవై బారల తాడు అది. ఇంత బుద్ధిమంతుడి మీద "నిషేధ కాలమున సముద్ర ప్రవేశము" అని నేరం మోపి, వేట అనుమతి నిలిపేశారు. అనుమతి లేకపోతే డీజిలు పొయ్యరు, పడవ నీళ్లు ముట్టకూడదు. ఆ ఏడంతా ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ పడవ కదలాలి. అదీ సంగతి.

ఇంతకీ ఆ పెట్టె అబద్ధాలకోరు అనుకునేరు, కాదు. దాని తప్పేమీ లేదు. కథ కాస్త వెనక్కి వెళ్లాలి.

మొదట్లో ఆకాశంలో "దివ్యదిశ" అనే ఉపగ్రహాలుండేవి. అవి మనిషి ఎక్కడున్నాడో పది మీటర్లు అటూ ఇటూగా చెప్పేవి. కలెక్టరుకీ పది మీటర్లే, కల్లు గీసేవాడికీ పది మీటర్లే. ఎవరికీ చెడ్డ కాలేదు. తర్వాత దివ్యదిశని ఆధునికం చేశారు. కొత్త ఉపగ్రహాలు ఎంత చురుకైనవంటే, మనిషి ఎక్కడున్నాడో బెత్తెడు తేడా లేకుండా చెప్పేస్తాయి. అక్కడ వచ్చింది తంటా. ఇంత సన్నటి నిజాన్ని అందరి చేతుల్లోనూ పెట్టెయ్యడమేనా అని పెద్దలకి బెంగ పట్టుకుంది. ఓ కమిటీ వేశారు. కమిటీ పదకొండు ఊళ్లు తిరిగి, మూడు చోట్ల దారి తప్పి, ఒక నివేదిక ఇచ్చింది. "ఖచ్చితత్వము జాతి సంపద. జాతి సంపదను అర్హతను బట్టి పంచవలెను."

దాంతో ఖచ్చితత్వాన్ని ఐదు తరగతులు చేశారు. రాజధానిలో పెద్దలకి బెత్తెడు. జిల్లా అధికారులకి ఒక మీటరు. వాళ్ల కిందివాళ్లకి పది. గుమాస్తాలకి యాభై. ఇక ఐదో తరగతి, "సామాన్య పౌరులు, మత్స్యకారులు, తదితరులు" అని రాసి, ఐదువందల మీటర్లు. పైనుంచి ఉపగ్రహం అందరికీ నిజమే పంపిస్తుంది. కింద పెట్టెలో ఒక చిన్న యంత్రం కూచుని, ఆ నిజంలో మనిషి హోదాకి తగినంత తప్పు కలుపుతుంది. పాలలో నీళ్లు కలిపేవాడు నీళ్లకి డబ్బివ్వడు గానీ, ఈ తప్పు కలిపే యంత్రం మటుకు మొత్తం పెట్టె కన్నా ఖరీదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, ఇదే.

అంతటితో ఆగినా బాగుండేది. నిబంధన పద్నాలుగు అని ఒకటి రాశారు. "పెట్టె ఎచ్చట చూపునో, ప్రభుత్వ దృష్టిలో పౌరుడు అచ్చటనే ఉండును. కంటితో చూచినది సాక్ష్యముగా స్వీకరింపబడదు."

జూన్ పదిహేను నాడు గవ్వలపేట పడవలన్నీ పసుపూ కుంకుమా పెట్టించుకుని సముద్రం మీదికి వెళ్లిపోయాయి. వాటి పెట్టెలు అదృష్టం కొద్దీ ఆ రెండు నెలలూ పడవల్ని ఊరి వైపే విసిరాయి. ఒకటి గుళ్లో, ఒకటి సారా కొట్లో ఉన్నట్టు చూపించాయి గానీ సముద్రంలోకి మాత్రం తొయ్యలేదు. ఒడ్డున మిగిలింది ఎల్లాజీ పడవొక్కటే. మధ్యాహ్నానికి పక్కింటివాళ్లు వంజరం చేపలు దింపుకుంటుంటే ఎల్లాజీ అటు చూడలేక ముఖం తిప్పుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకుని జిల్లా స్థాన నిర్ధారణ కార్యాలయానికి బస్సెక్కాడు.

అక్కడ సీనియర్ అసిస్టెంటు భానుమతి గారు మంచి మనిషి. కాగితాలన్నీ చూసి నిట్టూర్చింది.

"ఎల్లాజీ, నువ్వు రెండు దరఖాస్తులు పెట్టుకోవచ్చు. ఒకటి, నా తరగతి పెంచండి అని. దానికి ఈ ఫారం. ఇదిగో, మూడో గడి నింపు ముందు."

"నాకు సదువు రాదమ్మా. ఏటుంది అందులో?"

"'దరఖాస్తుదారుడు ఎచ్చటనున్నాడో మీటరు తేడా లేకుండా పేర్కొనవలెను' అని ఉంది."

"అది తెలిత్తే ఈ ఫారమెందుకమ్మా నాకు?"

"అందుకే ఇంతవరకూ ఒక్కరూ నింపలేదు," అంది భానుమతి గారు జాలిగా. "రెండోది, పడవ కదల్లేదని తనిఖీ చేసి ధ్రువపరచమని అడగడం. దానికి సారు స్వయంగా రావాలి. సారు ఈ నెలాఖర్న రిటైరవుతున్నారు, తొందరగా వెళ్లి అడుగు."

సారంటే చక్రవర్తుల శేషావతారం గారు, జిల్లా స్థాన నిర్ధారణాధికారి. ఆయన గది తలుపు మీద ఆయన పేరు, దాని కింద "ఒక మీటరు" అని ఇత్తడి పలక మీద చెక్కి ఉంది. ముప్ఫై మూడేళ్ల సర్వీసులో పదిలోంచి ఒకటికి వచ్చిన మనిషి ఆయన. ఆ ఒక్క మీటరూ ఆయన నడకలో తెలిసేది. కుర్చీ ఎక్కడుందో చూసుకోకుండా కూచునేవారు.

"సారూ, నా పడవ కదల్లేదండి. కావాలంటే వొచ్చి సూడండి, ఇసకలో పాతుకుపోయున్నాది," అన్నాడు ఎల్లాజీ చేతులు కట్టుకుని.

శేషావతారం గారు కళ్లు మూసుకుని విన్నారు. "చూచుట అనునది సాంకేతికముగా బలహీనమైన ప్రక్రియ. అయినను ప్రజాహితము దృష్ట్యా స్థల తనిఖీకి అంగీకరించుచున్నాను. శుక్రవారము పదకొండు గంటలకు మీ పడవ ఉన్న స్థలమునకు వచ్చెదము."

శుక్రవారం ఎల్లాజీ పడవని కడిగి, దానికి బంతిపూల దండ కట్టి, కుర్చీ ఒకటి అరువు తెచ్చి నీడన వేసి నిలబడ్డాడు. పదకొండు గంటలకి జీపు వచ్చింది. వచ్చి, పడవని దాటుకుని పోయింది! ఉప్పుటేరు గట్టున ఆగింది. శేషావతారం గారూ, భానుమతి గారూ, జవానూ దిగి, పంట్లాములూ చీరా పైకెత్తుకుని మోకాలి లోతు బురదలోకి నడిచారు. ఆ రోజు పెట్టె ప్రకారం పడవ ఆ బురదలో ఉంది మరి.

"సారూ! ఇక్కడండీ! పడవ ఇక్కడున్నాదండీ!" అని ఎల్లాజీ తువ్వాలు ఊపుకుంటూ పరిగెత్తాడు.

శేషావతారం గారు బురదలోంచే తలెత్తి, బంతిపూల దండ వేసుకున్న పడవని కళ్లద్దాలు సర్దుకుని మరీ చూశారు.

"అది నీ పడవ కావచ్చు. నేను కాదనను. కాని అది అక్కడ లేదు."

"లేకపోడవేటి సారూ! మీరు సూత్తన్నారు గదా!"

"నేను చూచుచున్నాను. ప్రభుత్వము చూచుట లేదు." ఆయన వెనక్కి తిరిగి, "భానుమతి గారూ, వ్రాయండి. నిర్ణీత స్థలమున పడవ కానరాలేదు. యజమాని పడవను దాచియుండవచ్చునని అనుమానము."

కాసులమ్మ దిబ్బ మీంచి ఇదంతా చూస్తూనే ఉంది. జీపు కదిలి వెళ్లిపోతుంటే రెండు చేతులూ విరిచి మెటికలు తీసింది. "ఈడి సంపద తగలెయ్య! కళ్లు మొకానెట్టుకుని కూడా గుడ్డోడి సాకిరీ సేత్తన్నాడు," అంది. గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఇప్పుడు పడవ కదిలిన నేరానికి పడవని దాచిన నేరం తోడయింది.

ఎల్లాజీ ఆ సాయంత్రం తిండి ముట్టలేదు. వాడితో వేటకొచ్చే పెంటయ్య కూడా గొణుగుతూనే వేరే పడవలో చేరతానని చెప్పిపోయాడు. తప్పేముంది, వాడికీ పిల్లలున్నారు.

అయితే దేవుడు ఒక తలుపు మూస్తే దివ్యదిశ శాఖ ఒక వేడుక పెడుతుందని వాడికి తెలీదు. జూన్ ముప్ఫైన కొత్త దివ్యదిశకి సముద్రంలో శంకుస్థాపన చేయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఒడ్డు నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపల, ఫలానా బిందువు మీద, మీటరు తప్పకుండా శిలాఫలకం దించాలి. మీటరు తప్పకుండా అంటే జిల్లాలో ఆ అర్హత ఒక్కరికే ఉంది. ఆ రోజే ఆయన పదవీ విరమణ కూడాను. పడవలన్నీ వేటకి పోయాయి, ఒడ్డున ఉన్నది ఒక్కటే. భానుమతి గారు నిబంధనలు తిరగేసి, "అనుమతి లేని పడవ వేటకు పోరాదు గాని ప్రభుత్వ కార్యమునకు పోవచ్చును" అని దారి చూపించింది.

"సారూ, మీతో వొత్తాను. తిరిగొచ్చాక నా అనుమతి కాయితం మీద సంతకం పెడతారా?" అని ఎల్లాజీ ఒక్కటే అడిగాడు.

"తీరము చేరిన తక్షణమే. నా సర్వీసులో అది చివరి సంతకము కాగలదు," అన్నారు శేషావతారం గారు గుండె మీద చెయ్యి వేసుకుని.

పెంటయ్యని బతిమాలి తెచ్చుకుని, ఎల్లాజీ పడవ తోశాడు. వేడుకకొచ్చిన ముఖ్య అతిథి, కడుపులో తిప్పుతుందని ఒడ్డునే టెంటు కింద ఉండిపోయారు. పడవలో శేషావతారం గారు, ఆయన చేతిలో మీటరు తప్పకుండా చోటు చూపించే తెర పలక, ఆయన కాళ్ల దగ్గర నల్లరాతి శిలాఫలకం. ఎనిమిది కిలోమీటర్లు వెళ్లేసరికి మధ్యాహ్నం రెండైంది.

"ఇదియే బిందువు. ఆపుము!" అన్నారాయన.

ఎల్లాజీ ఆపాడు. సముద్రం ఆగలేదు.

"ఎడమకు ఒక అడుగు... ఆహా, దాటితివి. కుడికి... ముందుకు... అయ్యో, బిందువు పోయినది!"

"బిందువు పోలేదు సారూ, మనవే పోతన్నాం. కెరటం మీద పడవ నిలబడదండి."

"నిబంధన ప్రకారము పడవ స్థిరముగా నుండవలెను."

"కెరటానికి సెప్పండి సారూ ఆ మాట."

అలా మూడు గంటలు. మధ్యలో శేషావతారం గారు నాలుగు సార్లు పడవ అంచు మీద వంగి, పొద్దున్న తిన్న ఉప్మా సముద్రానికి అప్పజెప్పారు. చివరికి అయిదింటికి రెండు నిమిషాలుందనగా, పలక మీద పచ్చదీపం వెలగ్గానే, "దించుము!" అని అరిచారు. పెంటయ్య శిలాఫలకాన్ని దించాడు. అది రాయి గనక తిన్నగా మునిగిపోయింది. రాయి తేలదన్న సంగతి ఉత్తర్వులో ఎవరూ రాయలేదు. అయితే మునిగిన చోటు మటుకు మీటరు లోపే, అందులో అనుమానం లేదు. ఆయన కళ్లు చెమర్చాయి, ముప్ఫై మూడేళ్ల సర్వీసు సార్థకమైందన్నారు.

అప్పుడే పలక కుయ్యిమంది. అయిదు కొట్టింది. తెర మీద అక్షరాలు వచ్చాయి. "పదవీ విరమణ శుభాకాంక్షలు. తమ ఖచ్చితత్వము ఉపసంహరింపబడినది. తమరు ఇకమీదట ఐదవ తరగతి."

శేషావతారం గారు ఆ పలకని అటు తిప్పారు, ఇటు తిప్పారు, తుడిచారు. పలకలోని తప్పు కలిపే యంత్రం కొత్తవాడి మీద మోజుతో మొదటి రోజే కసి తీర్చుకున్నట్టుంది. ఐదువందల మీటర్లు తప్పి, పడవ ఇప్పుడు నీటిలోంచి పొడుచుకొచ్చిన ఒక రాతి దీవి మీదికి ఎక్కి కూచున్నట్టు చూపించింది.

"ఇదేమిటి? మనము నేల మీద నుంటిమా?"

ఎల్లాజీ ఇంజను ఆపాడు. పలకకేసి చూశాడు, ఆయనకేసి చూశాడు. పదిహేను రోజుల మంట ఒక్కసారిగా బయటికొచ్చింది.

"పద్నాలుగో నిబందన పెకారం మనం నేలెక్కీసినాం సారూ. దిగండి మరి."

"ఏమిటి?"

"దిగండి. కళ్లతో సూసింది సాచ్చికం కాదన్నారు గదా. మీకు నీళ్లు కనబడతన్నాయేటి? పెబుత్వానికి కనబడవు. ఇది దీవి. దిగి నడవండి."

శేషావతారం గారు పడవ అంచు పట్టుకుని కిందికి చూశారు. నల్లటి నీళ్లు, వాటి కింద ఎంత లోతో. పొద్దు వాలుతోంది, నైరుతి మబ్బు పట్టింది, కెరటం లేస్తోంది. ముప్ఫై మూడేళ్ల గ్రాంథికం ఒక్క కుదుపుకి జారిపోయింది.

"బాబూ ఎల్లాజీ, నాకు భయమేస్తోందిరా. మనం ఎక్కడున్నాం? ఇంటికి తీసుకుపోరా నాయనా!"

ఆ మాటకి ఎల్లాజీ కోపం చప్పున చల్లారిపోయింది. సముద్రం మీద భయపడ్డవాణ్ణి ఆట పట్టించకూడదని వాడి అయ్య చెప్పేవాడు. అయ్య ఇంకోటి కూడా చెప్పాడు. గవ్వలపేట ఒడ్డున పడవలు లోపలికి రావాలంటే ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగలోంచే రావాలి. మొగ వెడల్పు నలభై అడుగులు, రెండు పక్కలా నీళ్ల కింద రాళ్లు. రాళ్లు కనపడవు గానీ ఒడ్డు కనపడుతుంది. ఊరి వెనకాల ఏనుగుకొండ, దాని తొండం కొస. ఊళ్లో మంచినీళ్ల ట్యాంకు. తొండం కొస తిన్నగా ట్యాంకు నెత్తిమీదికి వచ్చిందాకా పడవని జరుపుకోవాలి. రెండూ ఒక్క గీతలోకి వచ్చాక కళ్లు ఆ గీత మీంచి తియ్యకుండా తిన్నగా వచ్చెయ్యాలి. తొండం ఎడమకి జరిగిందా ఎడమ రాయి, కుడికి జరిగిందా కుడి రాయి. ట్యాంకు కట్టకముందు అయ్యకి తాడిచెట్టుండేది, అంతకుముందు తాతకి ఇంకేదో ఉండేది.

"సారూ, ఆ పలక పక్కనెట్టి నన్ను పట్టుకుని కూకోండి," అన్నాడు ఎల్లాజీ.

కెరటాలు వెనకనుంచి లేపి విసురుతుంటే, పెంటయ్య నీళ్లు తోడుతుంటే, శేషావతారం గారు ఎల్లాజీ నడుం పట్టుకుని తెలిసిన దేవుళ్లందర్నీ పిలుస్తుంటే, పడవ మొగలోకి దూరింది. ఎడమ రాయి మీద విరిగిన కెరటం తుంపర ముఖాన కొట్టింది. కుడి రాయి మీద కొంగ ఒకటి కూచుని చూస్తోంది. మరుక్షణం పడవ నిదానమైన నీళ్లలో ఉంది, దాని అడుగు ఇసకని రాసుకుంది. దిగగానే శేషావతారం గారు తడి ఇసకలో కూలబడి, దాన్ని గుప్పిళ్లతో పట్టుకున్నారు.

"సంతకం సారూ," అన్నాడు ఎల్లాజీ మెల్లిగా.

ఆయన ఇసక చేతులు చూసుకుని భోరుమన్నారు. "నా సంతకం అయిదింటికే చచ్చిపోయింది నాయనా! ఇప్పుడు నేను సంతకం పెడితే అది ఉట్టి నా పేరు, అంతే."

నిజానికి ఆయన కృతఘ్నుడు కాదు, ఆ మాట చెప్పుకోవాలి. ఆ మర్నాడే పాత అలవాటు కొద్దీ తెల్లకాగితం తీసుకుని, కార్యాలయానికి పెద్ద ఉత్తరం రాశారు. "శ్రీ సూరాడ ఎల్లాజీ ఎట్టి పరికరమును లేక, కేవలము కొండను, నీళ్ల ట్యాంకును చూచుచు, నలభై అడుగుల మొగ నడిమధ్య నుండి, మీటరుకు మించని ఖచ్చితత్వముతో నా ప్రాణమును కాపాడెను. ఇతనికి వేట అనుమతి ఇప్పించ ప్రార్థన." మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. ఆ ఉత్తరమే ఎల్లాజీ కొంప ముంచింది.

కొత్త అధికారి వచ్చేదాకా భానుమతి గారిని ఇన్‌చార్జి చేశారు. యాభై నుంచి ఒక్కసారి ఒక మీటరుకి వచ్చింది ఆవిడ. మనిషి మంచిదే, కాదనను. కానీ కుర్చీ మారిన గంటకల్లా భాష మారింది. ఎల్లాజీని పిలిపించి ఉత్తరం చదివి వినిపించింది. ఎల్లాజీ ముఖం విప్పారింది.

"సారు మంచోరమ్మా. మరైతే అనుమతి...?"

"కూర్చొనుము. ఇది తీవ్రమైన విషయము. నీవు ఐదవ తరగతి పౌరుడవు. నీకు ఐదువందల మీటర్ల ఖచ్చితత్వము మాత్రమే మంజూరైనది. నీ వద్ద రెండవ తరగతి ఖచ్చితత్వము ఉన్నట్లు ఈ లేఖ వలన వెల్లడైనది. అది నీకు ఎచ్చట నుండి వచ్చినది?"

"మా అయ్య కాడి నించమ్మా."

"ఆయనకు లైసెన్సు ఉండెనా?"

భానుమతి గారు కిటికీ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, పాత భాషలో, "నేనేం చెయ్యను ఎల్లాజీ, రూలు అలా ఉంది," అంది. తర్వాత మళ్లీ గొంతు పెంచి ఉత్తర్వు చదివింది. అక్రమ ఖచ్చితత్వాన్ని వెంటనే స్వాధీనం చేసుకోవాలి. అది కొండలోనూ ట్యాంకులోనూ ఉన్నందున, వాటిలో ఒకదాన్ని ఐదువందల మీటర్లు పక్కకి జరపాలి. కొండ సంగతి అటవీ శాఖకి రాస్తే, కొండ జరపడానికి చెట్ల లెక్క తేలాలని జవాబు వచ్చింది. ట్యాంకు జరిపితే ఊరికి నీళ్లుండవని పంచాయతీ లబలబలాడింది. ఆఖరికి ట్యాంకు కనపడకుండా పైనుంచి కింది దాకా టార్పాలిన్ కప్పారు. ఎల్లాజీ వంతు ఇంకోటి మిగిలింది. తాను ఎక్కడున్నాడో తనకి సరిగ్గా తెలియదని అధికారి ఎదుట రుజువు చేసుకుంటే అనుమతి ఇస్తారు. దాని పేరు అజ్ఞాన ధ్రువపత్రం.

పరీక్ష గవ్వలపేట ఒడ్డునే పెట్టారు. ఊరంతా చేరింది. రిటైరైన శేషావతారం గారు కూడా గొడుగు వేసుకుని వచ్చారు, ఆయన కష్టం ఆయనది. ఇంట్లో మంచం మీద కూచున్నా పెట్టె ఆయన్ని ఎదురుగా చెరువులో చూపిస్తోందట, "పింఛనుదారుడు గృహమున లేడు" అని పింఛను ఆపేశారు.

భానుమతి గారు ఎల్లాజీని పడవ పక్కన నిలబెట్టి, ముందురోజు నోటీసులో పంపిన నియమాలే మళ్లీ వినిపించింది. "నీవు ఎచ్చట ఉన్నావో చెప్పవలెను. నీ జవాబులో తప్పు నాలుగువందల యాభై మీటర్లకు తగ్గినచో, అది అక్రమ ఖచ్చితత్వము. ఐదువందలు మించినచో, అది ప్రభుత్వమును మోసగించుట. ఒకటే అవకాశము."

జనం గుసగుసలాడారు. ఏభై మీటర్ల సందు! మొగ కన్నా వెడల్పే గానీ, తప్పు చెప్పడానికి దారి తెలియాలి గదా. కాసులమ్మ దిబ్బ మీద నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. ఎల్లాజీకి మీటర్లు తెలీవు, బారలే తెలుసు. పెంటయ్య కూతురు చదువుకున్న పిల్ల, ఐదువందల మీటర్లంటే రెండువందల డెబ్బై మూడు బారలని రాత్రే లెక్కగట్టి చెప్పింది. నాలుగువందల యాభై అంటే రెండువందల నలభై ఆరు. ఎల్లాజీ ఇసక మీద చూపు పోనిచ్చాడు. రెండు నెలలు ఎండబెట్టిన తాడు జాడ ఇంకా గీతలా ఉంది, పడవ కాడ మొదలై దిబ్బ మీద కాసులమ్మ కాళ్ల దగ్గర ఆగింది. రెండువందల అరవై బారలు.

"సెప్పమ్మంటారా? నేను... నేను మా ఆడది ఎండుసేపలారేసే దిబ్బ మీదున్నానండి."

భానుమతి గారు పలక పట్టుకుని దిబ్బ దాకా నడిచి వెళ్లి, తిరిగి వచ్చింది.

"నాలుగువందల డెబ్బై అయిదు మీటర్ల తప్పు. సంతృప్తికరమైన అజ్ఞానము!" అని సంతకం చేసి, అనుమతి కాగితం వాడి చేతిలో పెట్టింది.

ఊరు ఈలలు వేసింది. కాసులమ్మ దిబ్బ మీంచి పరిగెత్తుకొచ్చి, "నా మావా, నువ్వెంత గొప్ప ఎర్రిబాగులోడివి!" అని మెచ్చుకుంది. శేషావతారం గారు గొడుగు మూసి, ఎల్లాజీ చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకుపోయారు.

"అలా సరిగ్గా తప్పు చెప్పడం నాకూ నేర్పుతావా బాబూ? పింఛను వాళ్లు మంగళవారం వస్తారు."

"ముందు ఇల్లెక్కడుందో సరిగ్గా తెలవాల సారూ. ఆ తరవాతే తప్పు," అన్నాడు ఎల్లాజీ.

మర్నాడు తెల్లారకముందే పడవ నీళ్లు ముట్టింది. వలలో కానాగంత చేపలు తుళ్లిపడుతుంటే పెంటయ్య పాట అందుకున్నాడు. మధ్యాహ్నం తిరుగుముఖం పట్టి, ఎల్లాజీ ఒడ్డుకేసి చూశాడు. బూడిదరంగు ట్యాంకు ఇదివరకు మబ్బు రోజున కళ్లు చికిలించుకుంటే గానీ కనపడేది కాదు. ఇప్పుడు దాన్ని కప్పిన నీలిరంగు టార్పాలిన్ పది కిలోమీటర్ల దూరానికి నెమలి మెడలా మెరుస్తోంది. దాని నెత్తిన ఏనుగుకొండ తొండం కొస. ఇంత స్పష్టంగా వాడి అయ్య కూడా ఎన్నడూ చూసి ఉండడు. చూస్తే ఎంత సంతోషించేవాడో అనుకున్నాడు ఎల్లాజీ.

సరిగ్గా మొగలోకి వచ్చేసరికి కార్యాలయం నుంచి ఫోను మోగింది. ధ్రువపత్రం ఉన్నవాళ్లకి రోజూ ఒక తనిఖీ ఉంటుంది.

"ఎల్లాజీ, ప్రస్తుతము నీవు ఎచ్చట ఉన్నావు?"

తొండం, ట్యాంకు, పడవ ముక్కు ఒక్క గీతలో ఉన్నాయి. ఎడమ రాయికి మూడు బారలు, కుడి రాయికి రెండున్నర. కింద నీళ్లు మూడు బారల లోతు. ఎల్లాజీ చుక్కాని మీద చెయ్యి కదపకుండా, ఆ గీత మీంచి కన్ను తియ్యకుండా, తండ్రిని తలుచుకుని లోపల్లోపల దణ్ణం పెట్టుకున్నాడు.

"తెలవదండి," అన్నాడు.